ఇంట్లోనే కార్ ఏసీ గ్యాస్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మేము డల్లాస్‌లో ఉంటాం. మా 2009 మోడల్ సెడాన్‌కు కొన్నేళ్లుగా ఏసీ గ్యాస్ నేనే ఎక్కిస్తున్నాను. ఇక్కడ ఏ ఆటో పార్ట్స్ షాపుకు వెళ్లినా 12 ఔన్సుల ఆర్-134ఏ (కార్ ఏసీలో చల్లదనమిచ్చే గ్యాస్) డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. అంటే ఒక్కో దాంట్లో 340 గ్రాముల గ్యాస్. దానికి బిగించే ట్యాప్, చిన్న గొట్టం, గొట్టం మీద గుండ్రటి గేజ్, ఇంతే కిట్ అంటే. షాపులో రెండు వందల డాలర్లకు పైగా చెప్పే పని ఇంటి ముందే తక్కువ ఖర్చుతో అయిపోతుంది.

నిదానంగా లీకయ్యే పాత కారుకు ఇది కచ్చితంగా పనికొస్తుంది. కానీ గేజ్ ముల్లు పచ్చరంగులోకి వచ్చేదాకా నింపెయ్యమని డబ్బా మీద రాసింది నమ్మి అదే పనిగా నింపితే గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌కే ఎసరు. ఈ పనికి ఆ గేజ్ కన్నా వంటింట్లోని డిజిటల్ కాటా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెబుతాను.

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేజ్ చూపించేది గ్యాస్ ఎంత ఉందన్నది కాదు, బయట ఎంత వేడిగా ఉందన్నది. సిస్టమ్‌లో కొంచెం ద్రవం మిగిలి ఉన్నా చాలు, 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 87 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), 90 దగ్గర 104 పీఎస్ఐ వరకు చూపిస్తుంది. గ్యాస్ సగమే ఉన్నా, నిండుగా ఉన్నా అంకె అదే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) ప్రెషర్ బయటి వేడిని బట్టి, ఇంజిన్ వేగాన్ని బట్టి, ముందున్న ఫ్యాన్ ఎలా తిరుగుతోందన్న దాన్ని బట్టి మారిపోతుంది. హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ వెళ్లే వైపు) చూడకుండా ఒక్క లో సైడ్ అంకెతో ఏదీ తేలదు. కిట్‌తో వచ్చే గేజ్‌కు ఆ రెండో వైపు కనిపించదు.

అందుకే డబ్బా కొనే ముందు, అసలు జబ్బు గ్యాస్ తక్కువ కావడమేనా అన్నది చూసుకోవాలి. హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తోందంటే చాలాసార్లు తప్పు గ్యాస్‌ది కాదు, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఫ్యాన్‌ది. బోనెట్ ఎత్తి, ఏసీ వేసి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూస్తే చాలు. కండెన్సర్‌కు దుమ్ము, పురుగులు పట్టేసినా ఇదే తంతు. అలాంటి కారులో ఇంకా గ్యాస్ పోస్తే హై సైడ్ ప్రెషర్ పెరిగిపోయి, చల్లదనం తగ్గుతుంది. గ్యాస్ నిజంగా తగ్గితే వినిపించే గుర్తు వేరు: కంప్రెసర్ క్లచ్ టక్కుమని పట్టుకుంటుంది, కొన్ని సెకన్లకే వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ప్రెషర్ పడిపోగానే లో ప్రెషర్ స్విచ్ దాన్ని ఆపేస్తుంటుంది. మా కారులో వేసవి మొదట్లో ఆ టక్‌టక్ మొదలైందంటే డబ్బా తీసే టైమ్ వచ్చిందని అర్థం.

ఎంత గ్యాస్ పట్టాలో బోనెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. మా కారుకు అర కిలోకు కాస్త అటూ ఇటూ. అంటే ఒక్క డబ్బా మొత్తం గ్యాస్‌లో సగానికి పైనే. సిస్టమ్‌లో వంద గ్రాములే తగ్గినప్పుడు డబ్బా మొత్తం పోసేస్తే పరిస్థితి ఏమిటో ఊహించుకోండి.

నేను చేసే పద్ధతి ఇది. ట్యాప్, గొట్టంతో సహా డబ్బాను కాటా మీద పెట్టి బరువు రాసుకుంటాను. గొట్టంలోని గాలి లోపలికి పోకూడదు కాబట్టి, చివర బిగించే ముందు అందులోని గాలిని ఒక్క క్షణం పాటు గ్యాస్‌తో బయటికి తోస్తాను. లో సైడ్ పోర్ట్ లావు పైపు మీద ఉంటుంది, మూత మీద ఎల్ అని ఉంటుంది. ఇంజిన్ ఆన్, ఏసీ ఫుల్, బ్లోయర్ ఫుల్, తలుపులు తెరిచి. మధ్య వెంట్‌లో చిన్న థర్మామీటర్ గుచ్చుతాను. డబ్బా నిటారుగా పట్టుకుని యాభై గ్రాముల చొప్పున వదిలి, ట్యాప్ కట్టేసి, ఐదు నిమిషాలు ఆగుతాను. గ్యాస్ వెళ్తుంటే డబ్బా అడుగు మంచులా చల్లబడిపోయి, పైన నీటి చెమ్మ పడుతుంది. అప్పుడు గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెడితే మళ్లీ ఊపందుకుంటుంది. అంతేగానీ తలకిందులు చేయకూడదు. ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోతే లోపలి భాగాలు విరుగుతాయి. వెంట్ ఉష్ణోగ్రత ఇక దిగడం మానేసిందంటే అక్కడితో ఆపేస్తాను, గేజ్ ముల్లు ఇంకా పచ్చరంగు చివరికి రాకపోయినా సరే. బయట 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు మధ్య వెంట్‌లో 45 నుంచి 50 మధ్య వస్తే మా కారుకు అది బాగా చల్లగా ఉన్నట్టే. ఎన్ని గ్రాములు పట్టిందో నోట్‌బుక్‌లో రాసిపెడతాను. ఏటా పట్టే గ్రాములు పెరుగుతుంటే లీక్ పెద్దదవుతోందని అదే చెబుతుంది.

మా లీక్ కూడా అలాగే దొరికింది. యూవీ డై (లీకైన చోట వెలుగు పడితే మెరిసే రంగు) ఉన్న డబ్బా ఒకటి వాడి, కొన్ని వారాల తర్వాత చీకట్లో నీలిరంగు టార్చ్, పసుపు కళ్లద్దాలతో వెతికితే, కండెన్సర్ దగ్గర పైపు జాయింట్ చుట్టూ ఆకుపచ్చ-పసుపు మెరుపు గోరంత కనిపించింది. అక్కడి ఓ-రింగ్ (రబ్బరు రింగు) గట్టిపడిపోయింది. ఆ ఓ-రింగ్ మార్చడానికి గ్యాస్ మొత్తం తీయాలి. దాన్ని గాలిలోకి వదలడం చట్టం ఒప్పుకోదు. ఆర్-134ఏ వాతావరణాన్ని కార్బన్ డయాక్సైడ్ కన్నా 1430 రెట్లు వేడెక్కిస్తుంది కాబట్టి మనస్సాక్షి కూడా ఒప్పుకోకూడదు. గ్యాస్‌ను గాలిలోకి పోకుండా పీల్చుకునే రికవరీ మెషీన్ ఉన్న షాపులో గ్యాస్ తీయించి, ఓ-రింగ్ నేనే మార్చుకున్నాను. తర్వాత పార్ట్స్ షాపులో డిపాజిట్ కట్టి వ్యాక్యూమ్ పంపు, రెండు గేజ్‌ల సెట్ అద్దె లేకుండా తెచ్చుకుని, ముప్పావు గంట వ్యాక్యూమ్ లాగాను, అంటే లోపలి గాలి మొత్తం బయటికి తీశాను. ముల్లు 29 అంగుళాల వ్యాక్యూమ్ దగ్గర కదలకుండా నిలబడింది. అప్పుడు ఖాళీ సిస్టమ్‌లో స్టిక్కర్ మీద ఉన్న బరువు కాటా చూసి పోశాను. నిజం చెప్పాలంటే లెక్క కచ్చితంగా తేలేది ఈ పద్ధతిలోనే. పైపైన పోయడం ఎంత జాగ్రత్తగా చేసినా అందాజే. వ్యాక్యూమ్ వల్ల తేమ కూడా పోతుంది. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్ వెళ్లే సన్నటి దారి) దగ్గర గడ్డకడుతుంది, ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది.

ఏ డబ్బా కొనాలి? ఉత్త గ్యాస్ డబ్బా. లీకులు మూసేస్తామని సీలర్ కలిపిన డబ్బాలను నేను ముట్టుకోను. తేమ తగిలితే గట్టిపడే రకం వాల్వ్‌లో, రికవరీ మెషీన్లో కూడా గడ్డకట్టి కూర్చుంటుంది. సీలర్ ఉన్న కారుకు పని చేయడానికి ఒప్పుకోని షాపులు నాకు తెలుసు. ఆయిల్ కలిపినవి కూడా ప్రతిసారీ అక్కర్లేదు. ఆయిల్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. హైబ్రిడ్ కార్ల వాళ్లు ఇక్కడ మరీ జాగ్రత్తపడాలి. వాటిలో కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది, మోటర్ వైండింగ్ ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. మామూలు కార్ల ఏసీల్లో వాడే పీఏజీ ఆయిల్ కలిసిన డబ్బా పోస్తే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. అలాంటి కార్లకు ఈ కిట్ వద్దే వద్దు.

కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా మొదలుపెట్టకండి. ఈ గ్యాస్ మామూలు గాలిలో మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, చర్మం మీద పడితే కాలినట్టే. హెచ్ అని రాసిన హై సైడ్ పోర్ట్ జోలికి డబ్బాతో వెళ్లొద్దు, అక్కడి ప్రెషర్‌కు డబ్బా పేలొచ్చు. గొట్టం చివరి కప్లర్ దానికి పట్టదు కూడా, బలవంతం చేయకుండా ఉంటే చాలు.

హైదరాబాద్‌లో మా బావగారు దీనికింత శ్రమెందుకు, మెకానిక్ గంటలో గ్యాస్ కొట్టేస్తాడు కదా అంటారు. అక్కడ లేబర్ ఖర్చు చూస్తే ఆయన మాట నిజమే. ఆయనకు నేను చెప్పింది ఒకటే: వ్యాక్యూమ్ పెట్టి, కాటా చూసి గ్రాముల్లో నింపమని అడగండి బావగారూ, గేజ్ చూసి పైపైన కొట్టించుకోవద్దు అని.

మా ఆవిడ కారు 2022 మోడల్. దానికి ఇవేవీ పనికిరావు, అందులో ఉండేది ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్. అమెరికాలో ఇప్పుడు కొత్త కార్లలో ఆర్-134ఏ వాడకూడదు, అంతకు ముందు నుంచే చాలా కంపెనీలు మారిపోయాయి. పోర్టులు వేరు, గ్యాస్ ఖరీదు చాలా ఎక్కువ, కొద్దిగా మండే గుణం కూడా ఉంది. ఆ కారును షాపుకే తీసుకెళ్తాం. మీ కారు ఏ రకమో బోనెట్ కింద స్టిక్కర్ చూసుకున్నాకే డబ్బా కొనండి.

2018 నుంచి ఈ చిన్న డబ్బాలకు తమంతట తాము మూసుకునే వాల్వ్ తప్పనిసరి చేశారు కాబట్టి మిగిలిన గ్యాస్ వృథా కాదు. కాలిఫోర్నియాలో అయితే డబ్బాకు పది డాలర్ల డిపాజిట్ ఉంటుంది, ఖాళీ డబ్బా తిరిగిస్తే వెనక్కి ఇస్తారు. సగం వాడిన డబ్బాను కారు డిక్కీలో మాత్రం వదలకండి. 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటనివ్వొద్దని దాని మీదే రాసి ఉంటుంది, డల్లాస్ ఎండలో డిక్కీ అంతకు మించే కాలుతుంది. మా ఇంట్లో గాలి ఆడే యుటిలిటీ గదిలో, పిల్లలకు అందని పై అరలో పెడతాను. ఓ-రింగ్ మార్చాక ఆ అరలోని డబ్బా ఇప్పటిదాకా కిందికి దించే పని పడలేదు.