లివర్‌లో కొవ్వు: గ్రేడ్ చాలా, అంకె కావాలా?

నల్గొండలో స్కానింగ్‌కు వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "పోయినేడు గ్రేడ్ 2 అన్నరు, ఇప్పుడు గ్రేడ్ 1 అంటున్నరు. తగ్గినట్టేనా సార్? లేకుంటే ఫైబ్రోస్కాన్‌కు హైదరాబాద్ పోవాల్నా?"

గ్రేడ్ అనేది అల్ట్రాసౌండ్ బొమ్మను కంటితో చూసి ఇచ్చేది. లివర్ ఎంత తెల్లగా ఉందో పక్కనున్న కుడి కిడ్నీతో పోల్చి చెబుతాం. షుగర్ వల్ల ఆ కిడ్నీయే దెబ్బతిని తెల్లబడితే, లివర్‌లో ఉన్న కొవ్వు తక్కువగా కనిపిస్తుంది. లివర్‌లో కొవ్వు 5 శాతం దాటితేనే ఫ్యాటీ లివర్ అంటారు, కానీ 20 శాతం లోపు ఉన్నది కంటికి చాలాసార్లు దొరకదు. మొదటిసారి కనిపెట్టడానికి గ్రేడ్ పనికొస్తుంది. తగ్గిందా పెరిగిందా తేల్చడానికి మాత్రం నేను దాన్ని నమ్మను.

ఫైబ్రోస్కాన్ అంటే ఒంటిమీద ఆనించి లివర్‌ను కొలిచే మెషీన్. కొవ్వు ఎంతుందో చెప్పే 'క్యాప్' అనే అంకె ఇస్తుంది, 100 నుంచి 400 దాకా. లివర్ గట్టిపడిందా అన్నదీ చెబుతుంది, అది పెద్ద లాభం. కానీ చాలా మెషీన్లలో లివర్ బొమ్మ కనిపించదు. చర్మం నుంచి లివర్‌కు దూరం రెండున్నర సెంటీమీటర్లు దాటిన లావుపాటి వాళ్లకు ఎక్స్ఎల్ ప్రోబ్ (ఒంటికి ఆనించే పరికరంలో పెద్ద సైజుది) కావాలి. అది ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

నా మొగ్గు కొత్త అల్ట్రాసౌండ్ మెషీన్లలో ఉండే అటెన్యుయేషన్ కొలత వైపు. కొవ్వు ఎక్కువైతే శబ్ద తరంగం లోపలికి పోయేకొద్దీ త్వరగా బలహీనపడుతుంది, ఆ తగ్గుదలనే మెషీన్ లెక్కగడుతుంది. బొమ్మ చూస్తూ, రక్తనాళాలు తప్పించి చోటు ఎంచుకోవచ్చు. అయితే మెషీన్ కన్నా చెయ్యి ముఖ్యం. పేషెంటు 4 గంటలైనా ఏమీ తినకుండా రావాలి. వెల్లకిలా పడుకోబెట్టి, కుడి చెయ్యి తలపైకి ఎత్తించి, పక్కటెముకల మధ్య ప్రోబ్‌ను లివర్ పైపొరకు నిటారుగా పట్టాలి. తెరమీద కొలత తీసే చోటును చూపే బాక్సును ఆ పొర నుంచి 2 సెంటీమీటర్లు కిందికి దించాలి, దగ్గరగా పెడితే ప్రతిధ్వనులు కలిసి అంకె చెడిపోతుంది. ఊపిరి గట్టిగా పీల్చి కాదు, మామూలుగా ఉన్నప్పుడే ఆపించాలి. ఐదుసార్లు కొలిచి, చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, మధ్య అంకె తీసుకోవాలి. ఐక్యూఆర్ (ఆ అంకెలు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే లెక్క) ఆ మధ్య అంకెలో 15 శాతం దాటితే మళ్లీ మొదటినుంచి కొలవాలి. ఓపీ రద్దీలో ఒక్కసారి నొక్కి రాసిచ్చే అంకె కన్నా జాగ్రత్తగా చూసిన గ్రేడే నయం.

ఒక కంపెనీ మెషీన్ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చకండి. ఆరు నెలల తర్వాత చూపించుకునేటప్పుడు అదే సెంటర్‌కు, పాత రిపోర్టుతో, పరగడుపున వెళ్లండి.

ఎంఆర్ఐ అన్నిటికన్నా కచ్చితం, ఖర్చూ అంతే. కొవ్వు ఒక్కటే తెలుసుకోవడానికి బయాప్సీ (సూదితో లివర్ ముక్క తీసి పరీక్షించడం) దాకా పోనక్కర్లేదు.