బీఎల్‌డీసీ ఫ్యాన్: కరెంటు మిగిలింది, తుడిచే పని మిగిలే ఉంది

చెన్నైలో మేముండేది సాలిగ్రామం. ఇక్కడ ఫ్యాన్ ఆగే రోజు ఉండదు. అందుకే హాల్లో, పడగ్గదుల్లో పాతవి తీసేసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే బ్రష్షుల్లేని డీసీ మోటారుతో తక్కువ కరెంటుకే తిరిగేవి పెట్టించాం. ఒక్కోటి మూడు వేల చిల్లర. వేసవంతా వాడాక చెప్తున్నాను, డబ్బు దండగ కాలేదు.

పాత 48 అంగుళాల ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా లాగుతుంది. ఇది 30 దగ్గరే ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే రెండు నెలలకు ఒక్క ఫ్యాన్ మీదే 40 యూనిట్లు మిగులుతాయి. ఇక్కడ బిల్లు రెండు నెలలకోసారి, పైగా స్లాబులు. కాబట్టి తగ్గేవి పై స్లాబులోని ఖరీదైన యూనిట్లే. దానికన్నా నాకు నచ్చింది, సాయంత్రం వోల్టేజీ పడిపోయినా స్పీడు తగ్గకపోవడం. ఇన్వర్టర్ కూడా ఎక్కువసేపు వస్తోంది.

బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్ తీయించి, నేరుగా స్విచ్‌కి కలపమనండి. లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుంది, రెగ్యులేటర్‌తో స్పీడు తగ్గిస్తే అది పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇక స్పీడు మార్చేది రిమోట్‌తోనే. మా అత్తయ్యగారికి మాత్రం అది పడలేదు. తెల్లవారుజామున చలేస్తే "ఆ రిమోట్ ఎక్కడ పెట్టావమ్మా?" అని నన్ను లేపాల్సొచ్చేది. ఆవిడ మంచం పక్క గోడకే చిన్న స్టాండు కొట్టించాక ఇబ్బంది తీరింది. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది మొదటి రోజే చేయించండి.

ఇక శుభ్రం సంగతి. దుమ్ము పట్టదని అమ్మేవాళ్ళు చెప్తారు, నమ్మకండి. ముదురు రంగు రెక్క కింద నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. స్టూలెక్కి చూడండి, గాలిని చీల్చే అంచు పొడవునా కాటుక గీసినట్టు నల్లటి గీత ఉంటుంది. వంటింటికి దగ్గరున్న ఫ్యాన్‌కైతే పోపు జిడ్డు, ఇక్కడి ఉక్కపోత తేమ కలిసి గోకితే గాని రాదు. పొడవాటి కర్ర బ్రష్షుతో తోస్తే పైన దుమ్ము మంచం మీద పడుతుంది తప్ప ఆ గీత కదలదు.

నేను చేసేది ఇది. రిమోట్‌తో ఆపితే చాలదు, ఫ్యాన్ లోపలి సర్క్యూట్ బోర్డులో కరెంటు ఉంటుంది, గోడ స్విచ్ కూడా ఆపాలి. పాత దిండు గలీబు రెక్కకు తొడిగి మెల్లగా లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుంది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి అంచు తుడవాలి. తుడిచేటప్పుడు రెండో చేత్తో రెక్కను కింద నుంచి పట్టుకోండి. రెక్క వంగితే ఫ్యాన్ ఊగడం మొదలవుతుంది. మోటారు దగ్గరికి తడి పోనివ్వకండి, అక్కడ పొడి గుడ్డే.

వంటింటి ఫ్యాన్ మేం మార్చలేదు. అది రోజుకు గంట కూడా తిరగదు, దాని మీద మూడు వేలు తిరిగి రావాలంటే ఏళ్ళు పడుతుంది.