ఉప్పునీటి ట్యాంకులో తెల్లటి మసక: స్కిమ్మర్, సాలినిటీ మీటర్, క్లారిఫయర్ చాన్నాళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెట్టి, నీళ్లు తెల్లబడ్డాయని టెన్షన్ పడుతున్నవాళ్లు డబ్బు పెట్టాల్సింది ప్రోటీన్ స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని బుడగలతో నురగగా తీసేసే మిషను) మీద, సాలినిటీ అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో చూసే రిఫ్రాక్టోమీటర్ మీద. "ఒక్క మూత పోస్తే చాలు, తెల్లారేసరికి తేట" అని అమ్మే క్లారిఫయర్ సీసాల మీద కాదు. భీమవరంలో మా ఇంట్లో 200 లీటర్ల ట్యాంకు ఉంది. వేసవి ఎండలు, కరెంటు కోతలు, తుఫాను రాత్రులు అన్నీ చూసిన ట్యాంకు. ఈ మూడూ దాని దగ్గరే వాడి చూసి చెబుతున్నాను.

మసక గొడవలో సగం నీళ్ల దగ్గరే మొదలవుతుంది. పేరుపాలెం నుంచో అంతర్వేది నుంచో డ్రమ్ముల్లో సముద్రపు నీళ్లు తెచ్చుకోవచ్చు కదా అని చాలామంది అంటారు. అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటుకి వరదల కాలంలో వెళ్లి చూడండి. ఎర్రటి బురద నీళ్లు, అందులో ఉప్పు అంతంత మాత్రం. సముద్రం మామూలుగా 35 పీపీటీ, అంటే కిలో నీళ్లలో 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, నది కలిసే చోట మాత్రం వరదని బట్టి, పోటుని బట్టి మారిపోతూ ఉంటుంది. డెల్టాలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి కానీ వాటిలో లవణాల పాళ్లు సముద్రపు పాళ్లు కావు. కాబట్టి ఆర్వో నీళ్లు, వాటిలో మిగిలిన లవణాలని కూడా లాగేసే డీఐ రెజిన్ గుండా పంపి, అందులో మెరైన్ సాల్ట్. నీళ్లలో కరిగిన లవణాలు చూపించే టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తేనే నేను ఉప్పు డబ్బా మూత తీస్తాను.

ఉప్పు లీటరుకి 35 నుంచి 38 గ్రాముల దాకా పడుతుంది, అంటే 200 లీటర్లకి ఏడు కిలోల పైమాటే. నేను వాడేది రెడ్ సీ కంపెనీ నీలం బకెట్. నల్ల బకెట్ పగడాలు పెంచేవాళ్ల కోసం, దాంట్లో అల్కలినిటీ (నీళ్లలోని కార్బొనేట్ల పాళ్లు) ఎక్కువ. దాన్ని కలిపాక నిలవ ఉంచితే డ్రమ్ము అడుక్కి తెల్లటి పొడి దిగిపోతుంది. ఏ ఉప్పయినా సరే వేరే డ్రమ్ములో, పంపు తిరుగుతుండగా, నీళ్లలో కొద్దికొద్దిగా వేసుకోవాలి. ముందు ఉప్పు పోసి దాని మీద నీళ్లు పెడితే కాల్షియం, కార్బొనేట్ కలిసి గట్టిపడిపోతాయి, మళ్లీ కరగవు.

ఇక తెల్లబడటం సంగతి. దీనికి మందు వెతికే ముందు ఒక గాజు గ్లాసు తీసుకోండి. ట్యాంకు నీళ్లు నింపి గూట్లో కదలకుండా పెట్టండి. కొద్ది నిమిషాల్లోనే తేటపడితే అది గాలి బుడగల పని. పంపు ఎక్కడో గాలి లాగుతోంది, లేదా కొత్త స్కిమ్మర్ సన్న బుడగలు వదులుతోంది. రాత్రికి పెట్టి పొద్దున్నే చూస్తే అడుగున సన్నటి పొడి పేరుకుని పైన నీళ్లు తేటగా ఉంటే అది ఇసుక దుమ్ము. ట్యాంకు అడుగున వేసే అరగోనైట్ (సున్నపు) ఇసుక ఎంత కడిగినా కొంత వదులుతూనే ఉంటుంది. ఫిల్టర్‌లో దూది పొర వేసి రోజూ మార్చుకుంటే పోతుంది, దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు. పంపు తల మీద, గొట్టాల మీద తెల్లటి పూత కట్టి ఉంటే ఆ పెచ్చు ఒకటి గోటితో గీకి తీసి, దాని మీద వెనిగర్ చుక్క వేయండి. బుసబుసమని పొంగితే అది కాల్షియం కార్బొనేట్, అల్కలినిటీ లెక్క తప్పిందన్నమాట.

పొద్దున్నకి కూడా గ్లాసు అలాగే, బియ్యం కడిగిన నీళ్లలా ఉండిపోయిందా? అది బ్యాక్టీరియా. మా ట్యాంకులో ఎక్కువ కాలం సతాయించింది ఇదే. మన సముద్రాల్లోని పగడాలకి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కాబట్టి, సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్లు కాకుండా నేను పెట్టింది పొడి రాళ్లు. పొడి రాళ్ల సందుల్లో ఎండిపోయిన జీవపదార్థం ఉంటుంది. ఉప్పునీళ్లు తగలగానే అది కుళ్లడం మొదలవుతుంది, దాన్ని తినే బ్యాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది. అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే మంచి బ్యాక్టీరియా వేరు, అది రాళ్లనీ ఇసుకనీ పట్టుకుని నెమ్మదిగా పెరుగుతుంది. నీళ్లలో తేలుతూ తెల్లగా కనిపించేది ఇది కాదు.

మా పక్కింటి బాబాయి రొయ్యల రైతు. ఆ తెలుపు చూసి, "ఇదేముందిరా, ప్రోబయోటిక్‌లో కాస్త బెల్లం నానబెట్టి పొయ్యి, రెండ్రోజుల్లో లైన్లో పడిపోద్ది" అన్నాడు.

"చెరువుకి అది మందు బాబాయ్. ఇక్కడ బెల్లం పోస్తే ఈ తెలుపుకి మేత వేసినట్టే."

ఆయన కాసేపు ట్యాంకు చుట్టూ తిరిగి చూశాడు. "సరే, అదేదో నువ్వే చూసుకో. రాత్రిళ్లు మాత్రం గాలి ఆపకు. చేపలేమీ వెయ్యలేదు కదా ఇంకా?"

ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం. తెల్లగా ఉన్న నీళ్లలో బ్యాక్టీరియా ఆక్సిజన్ లాగేసుకుంటుంది. నీళ్లు వెచ్చబడేకొద్దీ వాటిలో ఆక్సిజన్ నిలిచేదే తక్కువ. చేపలున్న ట్యాంకులో మసక కంటే ఇదే అసలు ప్రమాదం. బాబాయి సలహాల్లో ఒకటి పనికొచ్చి ఒకటి పనికిరాకపోవడానికి కారణముంది. చెరువులో నీళ్ల తేట కొలిచే సెక్కీ డిస్క్ అనే పళ్లెం దించితే 30, 40 సెంటీమీటర్ల లోతు దాకా కనపడితే చాలు, అంతకన్నా తేటగా ఉంటే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) చాలలేదని రైతుకి బెంగ. మనకి కావాల్సింది దానికి పూర్తిగా ఎదురు. అందుకే ఆక్వా షాపులో దొరికే జియోలైట్, బ్లీచింగ్ లాంటివి చెరువు మోతాదు చూసి ట్యాంకులో వేయొద్దని గట్టిగా చెబుతాను.

ఈ బ్యాక్టీరియా మసక మీద స్కిమ్మర్ పనితనం తెలిసింది. సన్నటి బుడగలు పైకి పోతూ నీళ్లలోని జిడ్డునీ జీవపదార్థాన్నీ అంటించుకుపోయి, మెడలో నురగ కట్టి కప్పులో పడేస్తాయి. అలలు తెచ్చి ఒడ్డున పేర్చే నురగలో జరిగేదీ ఇదే. కొత్తలో కప్పులోకి వట్టి నీళ్లే పొంగుతాయి, మిషను పాడైందనుకోకండి. లోపలి గోడలకి పొర పట్టేదాకా దాని తీరు అంతే. నీటిమట్టం తగ్గించి వదిలేస్తే కుదురుకుంటుంది. కుదురుకున్నాక కప్పులో ముదురు గోధుమరంగు చిక్కటి మడ్డి దిగింది, వాసన భరించలేం. మడ్డి దిగడం మొదలయ్యాక ట్యాంకు వెనక గోడ కనపడటం మొదలైంది. పైగా అది నీళ్లలోకి గాలి ఎక్కిస్తుంది, ఆక్సిజన్ భయం సగం తీరుతుంది. లోపాలు లేకపోలేదు. మెడ తరచూ తుడవకపోతే నురగ ఎక్కదు, రాత్రి నిశ్శబ్దంలో చప్పుడు వినిపిస్తుంది, పంపులో సున్నం పేరుకుంటే వెనిగర్ నీళ్లలో నానబెట్టాలి.

క్లారిఫయర్‌ని ట్యాంకులో కాకుండా, అదే మసక నీళ్లు బకెట్లో తీసుకుని చూశాను. సన్న రేణువులని ముద్ద కట్టించడమే దాని పని. ఇసుక దుమ్ముకి బాగానే పనిచేసింది, ఆ పని దూది పొర కూడా చేస్తుంది. బ్యాక్టీరియా మసక మాత్రం కాస్త తగ్గి మళ్లీ వచ్చింది. కుళ్లే పదార్థం అక్కడే ఉండగా తెలుపు ఎక్కడికి పోతుంది? నా దృష్టిలో దండగ ఖర్చు.

రిఫ్రాక్టోమీటర్ మన ఊళ్లలో ఆక్వా షాపుల్లో దొరికేస్తుంది. రైతులు వాడే 0 నుంచి 100 పీపీటీ మీటరే సరిపోతుంది. ఆర్వో నీళ్లతో సున్నా పెట్టుకున్నా, 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకుంటేనే నమ్మకం. ఒక్క సంగతి షాపువాళ్లు చెప్పరు. ఉష్ణోగ్రత సర్దుబాటు చేసుకుంటుందని రాసిన మీటర్లు సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే ఆ పని చేస్తాయి. మే నెల మధ్యాహ్నం మన గదిలో వేడి ఆ గీత దాటే ఉంటుంది. తెల్లవారుజామున చూసుకోండి.

అల్కలినిటీ, అమ్మోనియా అనుమానం వస్తే నేను రొయ్యల ల్యాబ్‌కి నీళ్లు పట్టుకెళ్తాను. మొదటిసారి అక్కడి కుర్రాడు, "ఆయ్, చెరువు నీళ్లు కాదాండీ ఇవి?" అని సీసాని వెలుతురుకి పెట్టి చూశాడు. వాళ్లు అల్కలినిటీని పీపీఎంలో ఇస్తారు. దాన్ని 17.9తో భాగిస్తే ట్యాంకులవాళ్లు అల్కలినిటీకి వాడే డీకేహెచ్ అనే కొలత వస్తుంది. 143 పీపీఎం అంటే 8 డీకేహెచ్ అన్నమాట, ట్యాంకుకి మంచి అంకె.

ఇవన్నీ కొనేశాక ఇంకొంచెం డబ్బు మిగిలితే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తీసుకోండి. కరెంటు పోతే స్కిమ్మర్ ఆగిపోతుంది. వేసవిలో నీళ్లు చల్లబరచడానికి పైన ఫ్యాన్ పెడితే ఆవిరి ఎక్కువై ఉప్పు శాతం పెరుగుతుంది. నీళ్లు తగ్గిన మేరకి ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి.