ఉన్నచోటే నిలబడటమా, సొంత దేశమా? యూదుల ముందున్న దారుల్లో ఏది మేలు?

ఇజ్రాయెల్, పాలస్తీనా గురించి మాట మొదలైతే చాలు, హోలోకాస్ట్, అంటే నాజీలు యూదులను సామూహికంగా చంపడం, ప్రస్తావన వచ్చి తీరుతుంది. అంత ఘోరం జరిగాక జియోనిజం, అంటే పాలస్తీనాలో యూదులకు సొంత దేశం కావాలనే ఉద్యమం, తప్ప ఇంకో దారి లేదని ఒకరంటారు. ఆ ఘోరాన్ని అడ్డం పెట్టుకుని ఇంకొకరి నేల లాక్కున్నారని మరొకరంటారు. అప్పట్లో యూదుల ముందు నిజంగా ఏయే దారులున్నాయో మాత్రం ఎవరూ పట్టించుకోరు. నా వరకు అక్కడి నుంచి మొదలుపెట్టడమే న్యాయం.

1897 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో థియోడర్ హెర్జల్ మొదటి జియోనిస్టు మహాసభ జరిపాడు. అదే ఏడాది అక్టోబరులో, రష్యా జారు పాలనలోని విల్నాలో (నేటి లిథువేనియా రాజధాని విల్నియస్) యూదు కార్మికులు కొందరు రహస్యంగా చేరి బండ్ అనే పార్టీ పెట్టుకున్నారు. యూదులకు సొంత దేశం కావాలన్నది హెర్జల్ మాట. పుట్టిన గడ్డ మీదే, మాట్లాడే యిడ్డిష్ భాషతోనే, తోటి కార్మికులతో కలిసి సమాన హక్కులు సాధించుకోవాలన్నది బండ్ మాట.

ఆరేళ్లు తిరక్కుండానే రెండింటికీ పరీక్ష వచ్చింది. 1903 ఏప్రిల్‌లో, ఈస్టర్ రోజుల్లో, నేటి మాల్డోవా రాజధాని అయిన కిషినేవ్‌లో అల్లరిమూకలు యూదుల ఇళ్ల మీద పడ్డాయి. 49 మంది చనిపోయారు, వందలమంది గాయపడ్డారు, స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. బాధితుల సాక్ష్యాలు సేకరించి రమ్మని ఒడెస్సా నుంచి కవి బియాలిక్‌ను పంపించారు. బతికి బయటపడ్డవాళ్లు చెప్పింది ఆయన నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. కర్రలు పట్టుకుని మూకకు ఎదురు తిరిగిన యూదుల సంగతీ ఆ సాక్ష్యాల్లో ఉంది. అయితే ఆ తర్వాత ఆయన రాసిన దీర్ఘ కవితలో వాళ్లు లేరు. కళ్లెదుట ఆడవాళ్లను చెరుస్తుంటే దాక్కున్న మగవాళ్లే ఉన్నారు. ఒక తరం యువకులు ఆ కవిత చదివి సిగ్గుతో రగిలిపోయారు, ఆత్మరక్షణ దళాలు కట్టారు. గాయం ఎంత నిజమో, దాన్ని ఎవరు ఎలా చెప్పారన్నదీ అంతే ముఖ్యమని నాకు అనిపించేది ఇక్కడే.

ఆ ఆగస్టులోనే హెర్జల్ బ్రిటిషు వాళ్లు ఇస్తామన్న తూర్పు ఆఫ్రికా భూమి ప్రతిపాదనను మహాసభ ముందు పెట్టాడు. అది నేటి కెన్యాలోది. పరిశీలన బృందాన్ని పంపడానికి 295 మంది ఔనన్నారు, 178 మంది వద్దన్నారు. కోపంతో సభలోంచి లేచి వెళ్లినవాళ్లు ఎక్కువగా రష్యా ప్రతినిధులే. ఎక్కడ ఊచకోతలు జరుగుతున్నాయో అక్కడివాళ్లే పాలస్తీనా తప్ప ఇంకేదీ వద్దన్నారు. కాబట్టి ప్రాణభయం ఒక్కటే జియోనిజాన్ని పుట్టించిందనే వాదన నిలవదు. కొచ్చి రాజుల నీడలో బతికిన యూదులను ఐరోపా తరహా ఊచకోతలేవీ తరమలేదు. అయినా 1950లలో వాళ్లలో చాలామంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ప్రార్థనలో తరతరాలుగా జెరూసలేం పేరు తలుచుకున్న జనం వాళ్లు.

మూడో దారి అమెరికా. కాళ్లతో ఓటేసిన జనంలో అత్యధికులు ఎంచుకున్నది దీన్నే. 1881 నుంచి 1914 లోపు తూర్పు ఐరోపా నుంచి సుమారు 20 లక్షల మంది అక్కడికి చేరారు. 1924 చట్టంతో ఆ తలుపు దాదాపు మూసుకుంది. 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని యూదు శరణార్థుల మీద జాలి మాటలు మాత్రం బాగానే చెప్పాయి.

ఇక బండ్ సంగతి. 1938 డిసెంబరులో పోలండ్ రాజధాని వార్సా నగర ఎన్నికల్లో యూదు పార్టీలకు దక్కిన 20 స్థానాల్లో 17 బండ్‌వే. అంటే హోలోకాస్ట్ గుమ్మం ముందు నిలబడి కూడా ఆ నగరపు యూదులు ఎక్కువగా నమ్మింది ఉన్నచోటే పోరాడదామన్న వాళ్లను. తర్వాత పోలండ్‌లోని 33 లక్షల యూదుల్లో సుమారు 30 లక్షల మందిని నాజీలు చంపేశారు. దీన్ని చూపించి బండ్ వాళ్లు అమాయకులని తేల్చేస్తుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1942లో జర్మన్ సేనాని రోమెల్ సైన్యం ఈజిప్టులోని ఎల్ అలమేన్ దగ్గర ఆగకపోయి ఉంటే పాలస్తీనాలోని యూదులకూ అదే గతి పట్టేది. అక్కడి వాళ్లను కాపాడింది జియోనిజం కాదు, ఎడారిలో నిలిచిన బ్రిటిషు సైన్యం. 1943 ఏప్రిల్‌లో, నాజీలు యూదులను బంధించిన వార్సా ఘెట్టోలో పిస్తోళ్లు, పెట్రోలు సీసాలతో తిరగబడ్డవాళ్లకు నాయకుడు అనియెలెవిచ్ జియోనిస్టు. పక్కన నిలబడ్డ మారెక్ ఎడెల్మన్ బండ్ మనిషి. ప్రాణాలతో మిగిలిన ఎడెల్మన్ యుద్ధం తర్వాత కూడా పోలండ్‌లోనే ఉండి గుండె వైద్యుడిగా పనిచేశాడు.

అయితే యుద్ధం ముగిశాక తూకం మారిందన్నదీ అంతే నిజం. 1946 జులైలో, నాజీలు ఓడిపోయిన ఏడాది తర్వాత, పోలండ్‌లోని కీల్సేలో బతికి వచ్చిన యూదుల్లో 42 మందిని మూక చంపింది. శరణార్థి శిబిరాల్లో సుమారు రెండున్నర లక్షల మంది యూదులు ఎటు పోవాలో తెలియక పడి ఉన్నారు. వాళ్లతో ఉన్నచోటే ఉండండి అని ఏ ముఖం పెట్టుకుని చెప్పగలం? బాగ్దాద్‌లో 1941లో యూదుల మీద దాడి జరిగింది. 1950, 51లలో సుమారు 1,20,000 మంది ఇరాక్ యూదులు విమానాల్లో ఇజ్రాయెల్ చేరారు. జియోనిస్టు వాదంలో అన్నిటికన్నా బలమైన భాగం ఇదే. దీన్ని తోసిపుచ్చేవాళ్లు మరి ఆ మనుషులు ఎక్కడికి పోవాల్సిందో కూడా చెప్పాలి.

వెల మాత్రం ఇంకొకరు చెల్లించారు. పాలస్తీనా ఖాళీ నేల కాదనీ, సాగులో లేని మంచి భూమి దొరకడం కష్టమనీ 1891లోనే రచయిత అహద్ హాఆమ్ రాశాడు. ఆయనా జియోనిస్టే. 1948 యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనియన్లు ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. గ్యాస్ గదులు కట్టింది వాళ్లు కాదు. దీన్ని ముందే చూసిన యూదు మేధావులు జూడా మాగ్నెస్, మార్టిన్ బూబర్ రెండు జాతులకూ ఒకే రాజ్యం కావాలన్నారు. గాంధీ 1938లో జర్మనీ యూదులకు సత్యాగ్రహం చేయమని చెబితే, నాజీల గురించి ఆ సలహా ఎందుకు చెల్లదో విడమరిచి లేఖ రాసినవాడు ఈ బూబరే. అరబ్బులకు అన్యాయం జరగకూడదన్నదీ ఆయనే. నాకు మనసుకు దగ్గరైనది రెండు జాతులకూ ఒకే రాజ్యమన్న ఈ దారే. కానీ యూదుల్లో గానీ అరబ్బుల్లో గానీ దీని వెనక నడిచినవాళ్లు కొద్దిమందే.

కాబట్టి ఏది మేలన్నదానికి ఏడాది చెప్పకుండా జవాబివ్వలేను. 1903లో నేనైతే బండ్ వైపే ఉండేవాణ్ణి. 1946లో ఓడ ఎక్కేవాణ్ణి. నేటి చర్చలో ఎవరి వైపంటే, పదేళ్ల వయసులో నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్ చూసిన యెహూదా ఎల్కానా వైపు. 1988లో ఇజ్రాయెలీ పత్రిక హారెట్జ్‌లో ఆయన ఒక వ్యాసం రాశాడు. ఇది ఇంకెప్పుడూ జరగకూడదు అనేవాళ్లు కొందరు, ఇది మాకు ఇంకెప్పుడూ జరగకూడదు అనేవాళ్లు కొందరు ఆష్విట్జ్ బూడిదలోంచి బయటికొచ్చారని అందులో అన్నాడు. తాను మొదటి వైపని చెప్పాడు. ఇజ్రాయెల్ ఉండకూడదని ఆయన అనలేదు. ఆ జ్ఞాపకం ప్రతి నిర్ణయాన్నీ శాసించకూడదన్నాడు. ఈ కొలతతో చూస్తే పాలస్తీనియన్ల మాట వినకుండా హోలోకాస్ట్ పేరెత్తి నోరు మూయించడమూ తప్పే, యూదులనే నాజీలని పిలిచి వాళ్ల గాయాన్ని వాళ్ల మీదికే విసరడమూ తప్పే.