పసిపిల్లలకు మాంసం: లోపల ఎర్రగా ఉంటే పెట్టొచ్చా, బాగా కాల్చాలా, మెత్తగా మగ్గబెట్టాలా? ఏది మేలు?

"ఏం కాదు వదినా, నేను తింటున్నా కదా, ఒక్క ముక్కేగా" అంటూ మా మరిది తన ప్లేటులోంచి, లోపల ఇంకా ఎర్రగా ఉన్న ముక్కొకటి తీసి మా రెండున్నరేళ్ళ బాబు నోటి దగ్గర పెట్టబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను కానీ కారణం మాత్రం గట్టిగా చెప్పలేకపోయాను, పిల్లలకు పడదులే అని ఊరుకున్నాను. తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. ఇదే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది, అనేవాళ్ళు కూడా ప్రేమతోనే అంటారు కాబట్టి రాస్తున్నా.

ముందు జవాబు చెప్పేస్తా. ఐదేళ్ళలోపు పిల్లలకు లోపల పచ్చిగా, ఎర్రగా ఉన్న మాంసం వద్దు. కైమాతో చేసిందీ, కోడి మాంసం, కార్జం అయితే అస్సలు వద్దు. అలాగని ఎండిపోయి పీచు పీచుగా అయ్యేదాకా కాల్చి పెట్టడం కూడా పసివాళ్ళకు మంచిది కాదు. మూడింట్లో నా ఓటు మెత్తగా మగ్గబెట్టిన మాంసానికే.

పెద్దవాళ్ళకు ఏమీ కాని ముక్క పిల్లాడినెందుకు పడేస్తుంది? పసివాళ్ళ కడుపులో ఆమ్లం పెద్దవాళ్ళకున్నంత ఉండదు, రోగనిరోధక శక్తి ఇంకా పూర్తిగా రాలేదు, ఒళ్ళు చిన్నది కాబట్టి నాలుగు విరేచనాలైతే చాలు ఒంట్లో నీరు తగ్గిపోతుంది. వీటన్నిటికంటే నాకు భయం పుట్టించింది ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియా. పశువుల పేగుల్లో ఉంటుంది, వాటికి ఏమీ చెయ్యదు. వధించేటప్పుడు మాంసం పైకి అంటుకుంటుంది. చాలా రకాల బ్యాక్టీరియా వేలల్లో, లక్షల్లో కడుపులోకి వెళ్తేగానీ జబ్బు చెయ్యవు, దీనికి మాత్రం వందలోపు చాలు. ఇది వదిలే విషం రక్తంలో కలిసి కిడ్నీల దాకా పోతుంది. ఇది సోకిన పదేళ్ళలోపు పిల్లల్లో దాదాపు 15 శాతం మందికి హెచ్‌యూఎస్ అనే స్థితి వస్తుంది. ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కిడ్నీలు పని మానేస్తాయి, కొందరికి డయాలసిస్ దాకా వెళ్తుంది. ఎక్కువ నష్టపోయేది ఐదేళ్ళలోపు వాళ్ళే.

1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. వాళ్ళలో ఒక పసివాడు అసలు హాంబర్గర్ తినలేదు, డేకేర్‌లో ఇంకో పిల్లాడి నుంచి అంటుకుంది. ఆ మరుసటి ఏడు ఆ దేశ వ్యవసాయ శాఖ, ఈ బ్యాక్టీరియా ఉన్న బీఫ్ కైమాను కల్తీ సరుకు కింద లెక్కగట్టింది.

ఇక అసలు పోలిక. లోపల ఎర్రగా ఉన్న మాంసం అంతా ఒకటే అనుకోకండి. తెగని పెద్ద ముక్క వేరు, కైమా వేరు. ముక్క అయితే ఈ బ్యాక్టీరియా దాదాపుగా పైపైనే ఉంటుంది, పెనం మీద అన్ని వైపులా చుర్రుమనిపిస్తే పైన ఉన్నది చస్తుంది. పెద్దవాళ్ళు లోపల ఎర్రగా తిన్నా చాలాసార్లు ఏమీ కాకపోవడానికి కారణం అదే. కైమా కొట్టించామంటే పైన ఉన్నదంతా లోపలికి కలిసిపోయినట్టే, పైగా ఒక్కోసారి చాలా పశువుల మాంసం ఒకే కైమాలో కలుస్తుంది. కట్లెట్ పైన నల్లగా కాలినా నడిమధ్యలో బ్యాక్టీరియా బతికే ఉండొచ్చు. మెత్తబడాలని సూదులతో పొడిచిన మాంసం, లోపల ఏదో కూరి చుట్టచుట్టిన మాంసం కూడా ఇదే లెక్కలోకి వస్తాయి, చూడ్డానికి ముక్కలాగే ఉన్నా సరే.

మరి ముక్కే కదా, పిల్లలకు కాస్త ఎర్రగా పెట్టొచ్చు కదా అంటే, నేను పెట్టను. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గొర్రె, మేక, పంది మాంసంలో పైన కాదు, కండ లోపలే గూడు కట్టుకుని ఉంటుంది. బద్దెపురుగు పిల్లలూ పంది, పశు మాంసాల్లో కండలోనే ఉంటాయి. పైన చుర్రుమనిపిస్తే వాటికేమీ కాదు.

అంకెలు కావాలంటే ఇవి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కలో బీఫ్, పంది, గొర్రె ముక్కలకు నడిమధ్యలో 63 డిగ్రీలు, దించాక 3 నిమిషాలు అలాగే వదిలెయ్యాలి. అదే మాంసం కైమా అయితే 71, కోడి ఏ రూపంలో ఉన్నా 74. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలుగా 70 డిగ్రీలు అంటుంది. అంటే 63 దాకా వచ్చిన ముక్క లోపల లేత గులాబీ రంగులో ఉన్నా నియమం ప్రకారం తప్పేమీ లేదు. మా మరిది ప్లేటులో ఉన్నలాంటి ఎర్రటి ముక్క మాత్రం చాలావరకు 50, 55 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. నేను బాబు కోసం ముక్కలనైనా 70 దాటిస్తున్నా. నాకు పోయేదేమీ లేదు, వాడికి రుచిలో తేడా కూడా తెలియదు.

రంగు చూసి తెలుసుకోవచ్చు కదా అని నేనూ అనుకునేదాన్ని. పోయిన నెల కైమా కట్లెట్లు చేస్తూ ఒకటి మధ్యకు విరిచాను. ఎరుపు ఎక్కడా లేదు, లోపలంతా గోధుమ రంగే, కారిన నీరు కూడా తేటగానే ఉంది. ఇంకా పెనం మీదే ఉన్న రెండోదానికి పక్కనుంచి వంట థర్మామీటర్ గుచ్చితే 58 దగ్గర ఆగింది. మూత పెట్టి ఇంకో మూడు నిమిషాలు ఉంచాక 72 వచ్చింది, విరిచి చూస్తే రంగు మాత్రం అదే. మాంసం పాతబడినా, గాలి తగిలినా ముందే గోధుమ రంగుకు వచ్చేస్తుందట, 55 డిగ్రీలకే ఉడికినట్టు కనిపించగలదట. దీనికి రివర్సు కూడా ఉంది, లేత కోడి ఎముక దగ్గర పూర్తిగా ఉడికాక కూడా ఎర్రగా కనిపించొచ్చు. అందుకే కంటిని నమ్మడం మానేశాను. ముక్కకైతే బాగా మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చండి.

కోడి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా రెండూ అందులో మామూలే, సగం ఉడికిన కోడి పెద్దవాళ్ళకూ మంచిది కాదు. కార్జం మెత్తగా ఉండాలని పైపైన వేయించి దించేస్తుంటారు, క్యాంపైలోబ్యాక్టర్ దాని లోపల కూడా ఉండగలదు కాబట్టి మధ్యలో ఎరుపు మిగలకూడదు. కార్జంలో విటమిన్ ఎ మరీ ఎక్కువ, పసివాళ్ళకు కొంచెంగా, అప్పుడప్పుడు మాత్రమే. ఇక నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెడితే ఉడికినట్టే అనేది తప్పు, రంగు మారుతుందంతే. ఫ్రీజర్‌లో పెడితే కొన్ని పరాన్నజీవులు చస్తాయి, బ్యాక్టీరియా మాత్రం నిద్రపోయి లేస్తుంది.

ఎర్రగా పెట్టాలనే వాళ్ళు చెప్పే కారణాలు రెండు. ఒకటి, అలా తింటేనే ఐరన్ అందుతుందని. ఆరు నెలలు దాటాక పిల్లలకు ఐరన్ బాగా కావాలన్నది నిజమే, మాంసంలోది ఒంటికి బాగా పడుతుందన్నదీ నిజమే. కానీ ఐరన్ వేడికి ఆవిరైపోదు. చాలాసేపు ఉడికిస్తే అందులో కొంత భాగం కాస్త తక్కువగా ఒంటికి పట్టే రూపంలోకి మారుతుంది, కొంత రసంలోకి దిగుతుంది, ఆ రసం కూడా అన్నంలోనో దేంట్లోనో కలిపి పెట్టేస్తే సరిపోతుంది. ప్లేటులో కనిపించే ఆ ఎర్ర నీరు రక్తం కూడా కాదు, మయోగ్లోబిన్ అనే కండలోని ప్రొటీన్ కలిసిన నీరు.

రెండోది, బాగా ఉడికితే గట్టిపడి పిల్లలు నమలలేరని. ఇది కొట్టిపారేసే మాట కాదు. పెనం మీద ఎక్కువసేపు కాలిన ముక్క రబ్బరులా సాగుతుంది, పసివాళ్ళు దాన్ని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు తిప్పి తిప్పి చివరికి మింగబోతే గొంతుకు అడ్డం పడుతుంది. అందుకే బాగా కాల్చిన ముక్క నా లెక్కలో రెండో స్థానమే. సూక్ష్మజీవుల భయం తీరుతుంది, ఈ భయం వస్తుంది.

మగ్గబెడితే రెండూ తీరిపోతాయి. భుజం, పిక్క లాంటి పని చేసే కండల్లో కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీన్ ఎక్కువ, అవి కాస్త కాలిస్తే చెప్పుముక్కలే. అదే నీళ్ళు పోసి మూతపెట్టి సన్న సెగ మీద గంటన్నర, రెండు గంటలు వదిలేస్తే ఆ కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది, ముక్క చెంచా వెనకతో నొక్కితే విడిపోతుంది. కుక్కర్‌లో ఇంకా తొందరగా అవుతుంది. మా బాబుకు ఆ ముక్కను పీచుకు అడ్డంగా కోసి, మళ్ళీ వేళ్ళతో చిదిమి, రసంతో తడిపి పెడతాను. సన్నగా నలిపి చూస్తే గట్టి నరాలు, ఎముక పిసర్లు వేలికి తగులుతాయి, అవి అక్కడే తీసెయ్యొచ్చు.

ఇప్పటికే ఎవరో ఎర్రటి ముక్క పెట్టేసి ఉంటే టెన్షన్ పడిపోకండి, చాలాసార్లు ఏమీ కాదు. ఒక పది రోజులు గమనించండి. విరేచనంలో రక్తం కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరకు వెళ్ళండి, పచ్చి మాంసం తిన్న సంగతి మీరే చెప్పండి. విరేచనాలు ఆపే మాత్రలు, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్‌లు సొంతంగా వెయ్యొద్దు, ఈ జబ్బులో అవి కిడ్నీలకు ముప్పు పెంచే అవకాశం ఉంది. ఇంకో సంగతి, విరేచనాలు తగ్గుముఖం పడుతున్నాయి అనుకునే సమయంలోనే, అంటే మొదలైన వారానికి అటూ ఇటూగా, కిడ్నీల సమస్య బయటపడుతుంది. డైపర్ చాలాసేపు పొడిగా ఉన్నా, పిల్లాడు పాలిపోయి నీరసంగా పడి ఉన్నా, మొహం ఉబ్బినా తెల్లారేదాకా ఆగకండి.

మొన్న మళ్ళీ అందరం కలిసినప్పుడు మా మరిదికి థర్మామీటర్ ఇచ్చి గుచ్చి చూడమన్నా. 54 వచ్చింది. తనది తను తిన్నాడు, బాబు కోసం ఒక ముక్క విడిగా కోసి, కాసిని నీళ్ళు చిలకరించి మూతపెట్టి తనే మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. పచ్చి మాంసం పెట్టిన ప్లేటులోకే దించబోతే మాత్రం ఆపి, వేరే ప్లేటు ఇచ్చాను.