పార్క్ సిటీ: వెండి గనుల జాడ పట్టుకుని రెండు రోజులు

అమెరికాలో ఉన్న మనవాళ్లు యూటాలోని పార్క్ సిటీకి వెళ్తే మంచు కోసమే వెళ్తారు. మెయిన్ స్ట్రీట్‌లో ఫొటోలు దిగి, వేడి చాక్లెట్ తాగి తిరిగొస్తారు. అసలు ఆ ఊరిని పుట్టించింది వెండి. గనుల చరిత్ర కోసం రెండు రోజులు కేటాయించగలిగితే, ఏది ముందు చూడాలి, ఎక్కడ దిగాలి, ఏ కాలంలో వెళ్లాలి అన్న లెక్క ఇది.

కాలంతోనే మొదలుపెడదాం. చరిత్ర చూడ్డానికి సెప్టెంబరును మించిన నెల లేదు. డిసెంబరు నుంచి మార్చి దాకా గని కట్టడాల అడుగు భాగాలు మంచులో కూరుకుపోయి ఉంటాయి, గదుల అద్దెలు కొండెక్కుతాయి. ఏప్రిల్ చివరి నుంచి మే దాకా మంచు కరిగి దారులన్నీ బురద, దుకాణాలు సగం మూసి ఉంటాయి. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డేని ఇక్కడ మైనర్స్ డే అంటారు. మెయిన్ స్ట్రీట్‌లో ఊరేగింపు, ఆ తర్వాత రాతిలో డ్రిల్లింగ్ పోటీలు, ఖనిజాన్ని టబ్బుల్లోకి ఎత్తే పోటీలు. గనిలో ఒక షిఫ్టు ఎంత చాకిరో ఆ పోటీలు చూస్తే చప్పున అర్థమవుతుంది. ఆ రోజు కారు మెయిన్ స్ట్రీట్ దాకా పోదు కాబట్టి బస్సులో వెళ్లాలి.

సాల్ట్ లేక్ సిటీ విమానాశ్రయం నుంచి ఐ-80 మీద తూర్పుకు 55-60 కిలోమీటర్లు, ముప్పావుగంట ప్రయాణం. ఊళ్లో బస్సులు ఉచితం, కాబట్టి కారు లేకపోయినా ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఎత్తు. ఊరు దాదాపు 7,000 అడుగుల మీద ఉంది. మొదటి రోజే కొండెక్కితే తలనొప్పి, ఆయాసం ఖాయం. అందుకే మొదటి రోజు ఊళ్లో, రెండో రోజు కొండ మీద. గాలి బాగా పొడిగా ఉంటుంది, దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండాలి.

మొదటి రోజు పొద్దున మెయిన్ స్ట్రీట్ 528వ నంబరులో ఉన్న పార్క్ సిటీ మ్యూజియం. ఇది పాత సిటీ హాల్. నేలమాళిగలో అప్పటి జైలు గదులు అలాగే ఉన్నాయి. ఆ గదులకు ఊళ్లో పేరే డన్జన్, అంటే చీకటి కొట్టు. ఒక గది గోడ మీద కార్మిక సంఘం ఐడబ్ల్యూడబ్ల్యూ గుర్తు కొవ్వొత్తి పొగతో గీసి ఉంది. కిందనుంచి మొదలుపెట్టి పైకి రావడం మంచిది, రెండు గంటలు పెట్టుకోండి. గంటలో చుట్టేద్దామనుకుంటే గని పనితీరు చూపించే భాగం దగ్గరే సమయం అయిపోతుంది.

ఇక్కడ చూసి తీరాల్సింది స్కీయర్ సబ్‌వే బోగీ. దీని వెనక కథ తెలిస్తేనే ఊరు గనుల నుంచి మంచు ఆటల్లోకి ఎలా మళ్లిందో బోధపడుతుంది. 1950ల నాటికి వెండి, సీసం, జింకు ధరలు పడిపోయి ఊరు దాదాపు ఖాళీ అయింది. చివరికి గనుల కంపెనీయే ప్రభుత్వ అప్పు తీసుకుని 1963 డిసెంబరులో ట్రెజర్ మౌంటెన్ పేరుతో స్కీ రిసార్ట్ తెరిచింది. కొండ నిండా సొరంగాలు ఎలాగూ ఉన్నాయి కదా అని 1965లో గని రైలునే లిఫ్టుగా వాడారు. 1916లో తవ్వడం మొదలుపెట్టిన స్పైరో సొరంగంలో దాదాపు 5 కిలోమీటర్లు రైల్లో లోపలికి వెళ్లి, అక్కడ థేన్స్ షాఫ్ట్ అనే నిలువు గోతిలో కేజ్ (గని లిఫ్టు) ఎక్కి 1,750 అడుగులు పైకి వస్తే కొండ మీద తేలేవారు. వినడానికి అద్భుతం. అయితే సొరంగం పైకప్పు నుంచి నీళ్లు కారుతూనే ఉండేవి, బట్టలు తడిసేవి, బయట చలికి ఆ తడి గడ్డకట్టేది. పైగా ప్రయాణం చాలా నెమ్మది. పక్కన కుర్చీ లిఫ్టులు నడుస్తుంటే ఇంకెవరెక్కుతారు? 1969 నాటికి ఆపేశారు. స్పైరో సొరంగం మాత్రం వృథా కాలేదు. అందులోంచి వచ్చే నీటిని శుద్ధి చేసి ఊరికి తాగునీరుగా ఇస్తున్నారు. సొరంగం ఉన్న సిల్వర్ స్టార్ ప్రాంతానికి బస్సులో వెళ్లొచ్చు, అక్కడి పాత గని భవనాలు బాగుచేసి వాడుకుంటున్నారు.

మధ్యాహ్నం మెయిన్ స్ట్రీట్. బస్సులో పైకంటా వెళ్లి కిందికి నడవండి, మోకాళ్లు మిగులుతాయి. 1898 జూన్ 19న మంటలు ఊళ్లో ముప్పావు వంతును, దాదాపు 200 భవనాలను బూడిద చేశాయి. కాబట్టి మీకు కనిపించేవాటిలో చాలావరకు ఆ తర్వాత కట్టినవే. ఈజిప్షియన్ థియేటర్ 1926 నాటిది. చాలామంది గమనించకుండా దాటిపోయేది చైనా బ్రిడ్జ్ పార్కింగ్ గ్యారేజీ పేరు. మెయిన్ స్ట్రీట్ వెనక చైనా కార్మికుల పేట ఉండేది. రోసీ హిల్ మీద ఉండేవాళ్లు ఆ పేటలో అడుగు పెట్టకుండా దాని మీదుగా నడిచిపోవడానికి ఒక చెక్క వంతెన కట్టుకున్నారు. పేట పోయింది, వంతెన పోయింది, పేరు మిగిలింది. కారు అక్కడ నిలిపినప్పుడు ఇది తలుచుకోవాలి.

వీధి కింది చివర, స్కీయర్లను కొండకు తీసుకెళ్లే టౌన్ లిఫ్ట్ దగ్గర తలెత్తి చూస్తే పాత ఇనుప స్తంభాలు కనిపిస్తాయి. 1901లో సిల్వర్ కింగ్ గని నుంచి ఖనిజాన్ని తొట్లలో కిందికి దించడానికి వేసిన తీగమార్గం స్తంభాలవి. ఇప్పటి లిఫ్టు వాటి పక్కనుంచే పోతుంది.

రెండో రోజు కొండ. స్కీయింగ్ వచ్చినవాళ్లు చలికాలంలో వెళ్తే సిల్వర్ కింగ్ గని భవనాలు బొనాంజా లిఫ్టు అడుగునే ఉంటాయి, థేన్స్ గని కట్టడాలు కూడా స్కీ దారుల మధ్యే. లిఫ్టు టికెట్ కిటికీ దగ్గర కొనొద్దు. రద్దీ రోజుల్లో 300 డాలర్లు దాటుతుంది, ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే తగ్గుతుంది. స్కీయింగ్ రానివాళ్లకి వేసవి దారులు ఉన్నాయి. వాటిలో తేలికైనది మెయిన్ స్ట్రీట్ పై చివర నుంచి డేలీ అవెన్యూ మీదుగా ఎంపైర్ లోయలోకి నడక. దారి పొడవునా గని కార్మికుల చిన్న చిన్న ఇళ్లు. కట్టడాల లోపలికి మాత్రం అడుగు పెట్టకండి. చెక్కలు కుళ్లి ఉంటాయి. డేలీ వెస్ట్ గని మీది ఇనుప హెడ్‌ఫ్రేమ్ (గని లిఫ్టును లాగే గోపురం) అయితే 2015లో తనంతట తానే కూలింది.

ఆ డేలీ వెస్ట్‌లోనే 1902 జులై 15న భూగర్భంలో నిల్వ ఉంచిన పేలుడు మందు పేలింది. పేలుడు కన్నా ఎక్కువగా, సొరంగాల్లో వ్యాపించిన విషవాయువు ప్రాణాలు తీసింది. అది పక్కనున్న ఒంటారియో గనిలోకీ పాకి, మొత్తం 34 మంది చనిపోయారు. వాళ్లలో కొందరి సమాధులు గ్లెన్‌వుడ్ శ్మశానంలో ఉన్నాయి. రిసార్ట్ దగ్గర్లోనే ఉన్నా జనం వెళ్లరు. సమాధి రాళ్ల మీద పుట్టిన దేశాలు చదువుతూ నడిస్తే ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్, ఐర్లండ్ ఎదురవుతాయి. కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాళ్లే మన పక్కన కోలార్ బంగారు గనుల్లోనూ ఉన్నారు. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి పనికి వెళ్లిన కుటుంబాల వాళ్లకి ఇక్కడ ఏదో తెలిసిన ఊరి వాసన తగులుతుంది. సిటీ పార్కులో ఉన్న మైనర్స్ హాస్పిటల్ 1904 నాటిది. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన కార్మికుల కోసం కట్టారు. 1979లో భవనాన్ని యథాతథంగా ఇక్కడికి జరిపారు.

బసకి మూడు దారులు. ఓల్డ్ టౌన్‌లో ఉంటే అన్నిటికీ నడిచిపోవచ్చు, ఖర్చు మాత్రం ఎక్కువ, మెట్లు ఎక్కువ. పెద్దవాళ్లు వెంట ఉంటే మెట్ల సంగతి ముందే అడగండి. 1889 నాటి వాషింగ్టన్ స్కూల్‌హౌస్ ఇప్పుడు హోటలైంది, అగ్నిప్రమాదానికి ముందు నాటి రాతి కట్టడం. గదులు తక్కువ, ధర చాలా ఎక్కువ, బయట నిలబడి చూసినా చాలు. కింబల్ జంక్షన్‌లో గదులు చవక, కానీ ఊరికి 10 కిలోమీటర్ల దూరం. నలుగురైదుగురున్న కుటుంబానికి ప్రాస్పెక్టర్ ప్రాంతంలో వంటగది ఉన్న కాండో (అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్) అన్నిటికన్నా మేలు. బస్సు దగ్గర, అద్దె మధ్యరకం. వండుకునేవాళ్లు చిన్న ప్రెషర్ కుక్కర్ వెంట పెట్టుకోండి. ఈ ఎత్తులో నీళ్లు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు గంటసేపైనా మెత్తబడదు. కుక్కర్లో కూడా రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వాలి.

ప్రాస్పెక్టర్ గురించి ఇంకొక్క మాట. ఆ ప్రాంతం గని మిల్లుల వ్యర్థాల మీద లేచింది. కోలార్ సైనైడ్ దిబ్బల్లాంటివే, కాకపోతే ఇక్కడ సీసం, ఆర్సెనిక్. అందుకే నగరం చట్టం చేసి, ఆ మట్టి మీద కనీసం 6 అంగుళాల శుభ్రమైన మట్టి కప్పాలని నియమం పెట్టింది. గడ్డి మీద నడవడానికి, ఆడుకోవడానికి భయం లేదు. పిల్లల్ని మాత్రం బోడినేల తవ్వనివ్వకండి, గదిలోకి రాగానే చేతులు కడిగించండి.