ఫిల్మ్ సిటీ చూశాక మిగిలిన రోజు: పోచంపల్లి, భువనగిరి, కొలనుపాక

రామోజీ ఫిల్మ్ సిటీకి ఒక్క రోజు చాలు. 1996లో మొదలైన ఆ ప్రాంగణం 1,666 ఎకరాలు ఉందన్నది నిజమే కానీ, సందర్శకుల బస్సు తిప్పేది అందులో కొంత భాగమే. ఉదయం గేటు తెరవగానే లోపలికి వెళ్తే సాయంత్రానికి సెట్లు, షోలు, పిల్లల రైడ్లు అన్నీ అయిపోతాయి. రెండో రోజుకు టికెట్ తీసుకున్నవాళ్లు అవే సెట్ల ముందు మళ్లీ ఫొటోలు దిగుతుంటారు. ఆ డబ్బుతో ఒక కారు మాట్లాడుకుంటే యాదాద్రి భువనగిరి జిల్లాలో అట్టముక్క, ప్లాస్టర్ లేని చోట్లు చూసి రావచ్చు. పోచంపల్లి మగ్గాలు, భువనగిరి కోట, యాదగిరిగుట్ట, కొలనుపాక నాలుగూ ఒకే చుట్టులో పడతాయి. ట్రావెల్స్ వాళ్లు నాలుగూ ఒకే రోజు చూపిస్తామంటారు. చూపిస్తారు కూడా, కాకపోతే కారు అద్దంలోంచి. మూడు పెట్టుకుంటే రోజు హాయిగా గడుస్తుంది. ఏ మూడన్నది మీతో వచ్చేవాళ్ల మోకాళ్లను బట్టి ఉంటుంది.

ముందు కారు సంగతి. హైదరాబాద్‌లో మామూలుగా ఇచ్చే 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ దీనికి పనికిరాదు. ఎల్బీ నగర్‌లో బయల్దేరి పోచంపల్లి, భువనగిరి, గుట్ట, కొలనుపాక చూసుకుని ఉప్పల్ వైపు తిరిగొస్తే 170 కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. చిన్న ప్యాకేజీ తీసుకుంటే పై కిలోమీటర్లకు, పై గంటలకు వేసే రేటుతో బిల్లు దాదాపు రెట్టింపవుతుంది. అందుకే ముందే 12 గంటలకు, 200 కిలోమీటర్లకు బేరమాడుకోవాలి. వరంగల్ రోడ్డు మీద బీబీనగర్ దాటాక గూడూరు టోల్ గేటు ఉంది. ఆ టోలు, గుట్ట మీది పార్కింగు ఎవరు కట్టాలో కూడా ముందే తేల్చుకోండి. బస్సులో అయితే నాలుగూ కుదరవు. ఉప్పల్ నుంచి యాదగిరిగుట్టకు ఆర్టీసీ బస్సులు వరసగా ఉంటాయి, దారిలో భువనగిరిలో దిగొచ్చు, కాబట్టి కోట, గుట్ట రెండూ బస్సు మీదే అవుతాయి. పోచంపల్లి బస్సు వేరే దారి.

వరస కూడా ముఖ్యమే. ఫిల్మ్ సిటీ దగ్గర బస చేసినవాళ్లకు పోచంపల్లే ముందు తగులుతుంది. విజయవాడ హైవే మీద కొంత దూరం వెళ్లి ఎడమకు తిరిగితే అరగంట, ముప్పావు గంటలో ఊళ్లో ఉంటారు. చలికాలంలో ఇదే సరైన వరస. ఫిబ్రవరి దాటితే మాత్రం తిరగేయాలి. తెల్లవారగానే భువనగిరి వెళ్లి కోట ఎక్కి దిగి, టిఫిన్ చేసి, వెనక్కి పోచంపల్లి రావాలి. ఇరవై కిలోమీటర్లు అదనంగా పడినా సరే. పది దాటాక ఆ బండ పెనంలా కాలుతుంది, నీడ అన్నది ఉండదు.

పోచంపల్లికి ఎక్కువ సమయం ఇవ్వాలి, తక్కువలో తక్కువ రెండున్నర గంటలు. చాలామంది చీరల కొట్టు ముందు కారు ఆపి, రెండు చీరలు కొని, అరగంటలో వెళ్లిపోతారు. అలాగైతే హైదరాబాద్‌లోనే కొనుక్కోవచ్చు. ఇక్కడికి రావాల్సింది దారానికి రంగు పడే తీరు చూడటానికి. బట్ట నేశాక అద్దకం వేయడం ఇక్కడి పద్ధతి కాదు. నేతకు ముందే దారం మీద డిజైన్ పడుతుంది, దీన్నే ఇక్కత్ అంటారు. పట్టు దారాన్ని ఉడికించి బంక తీస్తారు. పేక దారాన్ని, అంటే బట్టలో అడ్డంగా వచ్చే దారాన్ని, అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రం మీద, మధ్య మేకు నుంచి అంచు మేకులకు, అంచు నుంచి మధ్యకు పోస్తూ పోతారు. దీన్నే ఆసు పోయడం అంటారు. ఆ దారం మీద గుర్తులు పెట్టి, రంగు ఎక్కకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు పేలికలతో బిగించి కడతారు. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. ఒక్కో రంగుకు కట్లు విప్పడం, మళ్లీ కట్టడం, ముంచడం, ఆరబెట్టడం. ఆ తర్వాత దారాన్ని వరస తప్పకుండా కండెలకు చుట్టి, గుంట మగ్గం మీద నేస్తారు. ప్రతి పోగు దగ్గరా నేతగాడు అంచు పట్టి దారాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి డిజైన్ కలుపుతాడు. చూడాల్సింది ఆ జరపడమే. పది నిమిషాలు కదలకుండా నిలబడితే తప్ప అది కంటికి ఆనదు.

ఒక ఇంట్లో అన్ని పనులూ ఒకేసారి కనిపించవు. ఒక ఇంట్లో ఆసు, ఇంకో ఇంట్లో కట్లు, మరో చోట రంగు. అందుకని నాలుగిళ్లు తిరగాలి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ, కానీ గడప దగ్గరే నిలబడి అడగండి. సాగదీసిన పడుగు, అంటే నిలువు దారాల మీద చెయ్యి వేయకూడదు, చెమట చేతి మరక రంగులో తేలుతుంది. గుంట పక్కన చిన్నపిల్లల్ని వదలొద్దు. జోరు వానల రోజుల్లో వెళ్తే నిరాశపడతారు, గుంటల్లో చెమ్మ చేరుతుంది, రంగు దారం ఆరదు, పని మందగిస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళ మగ్గాలు ఆగుతాయి కాబట్టి పదిన్నర నుంచి ఒంటిగంట లోపు చూసుకోవడం మేలు.

ఇక కొనడం. నేసేవాళ్ల ఇంట్లోనే కొంటే చవకగా వస్తుందనుకుంటారు. మగ్గం మీదున్న చీర చాలాసార్లు ఆ నేతగాడిది కాదు. మాస్టర్ వీవరో సంఘమో దారం ఇస్తారు, ఇతను కూలికి నేస్తాడు. తన సొంత సరుకున్నవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గర కొనండి. లేనివాళ్లను అమ్మమని ఇబ్బంది పెట్టొద్దు. ఊళ్లో చేనేత సహకార సంఘం కొట్టు ఉంది, ధరకు పెద్ద తేడా ఉండదు, బేరం బెడద తప్పుతుంది. ఆటో ఎక్కితే అతను తీసుకెళ్లిన కొట్లో అతని కమీషను మీ బిల్లులోనే ఉంటుంది.

అచ్చు వేసిన 'ఇక్కత్' చీరలు పోచంపల్లి రోడ్ల మీద కూడా దొరుకుతాయి. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. నిజమైన దాంట్లో బొమ్మ అంచు కత్తిరించినట్టు ఉండదు, రంగు కట్టు కిందికి కాస్త పాకి ఈకలా చీలి ఉంటుంది. చీర తిప్పి చూస్తే వెనకా ముందూ రంగు ఒకే ముదురులో ఉంటుంది. అచ్చుదైతే వెనక వెలిసినట్టు కనిపిస్తుంది. కొంగు దగ్గర ఒక పోగు లాగి చూస్తే ఒకే దారం మీద రెండు మూడు రంగులు కనబడాలి. పేక ఇక్కత్‌లో అంచు పక్కన జరిపిన దారం చిన్న చిన్న మెలికలుగా బయటికి ఉంటుంది, అది లోపం కాదు, చేతి పని గుర్తు. పట్టుకు సిల్క్ మార్క్, నేతకు హ్యాండ్లూమ్ మార్క్ చీటీ అడగండి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అయినా ఆ పేరుతో పవర్‌లూమ్ సరుకు ఆగలేదు. పడుగూ పేకా రెండూ కట్టి రంగేసిన డబుల్ ఇక్కత్ ధర మామూలు దానికి రెట్టింపు పైన చెబితే ఆశ్చర్యపోవద్దు, అందులో పనీ అంతే. ఎరుపు, నీలం ముదురు రంగుల్లో తెల్ల గుడ్డ తడిపి మూల రుద్ది చూడండి. కాస్త దిగితే ఫరవాలేదు, గుడ్డ మొత్తం రంగైతే వద్దు.

ఊరి పేరులో భూదాన్ ఎందుకు చేరిందో పిల్లలకు చెప్పడానికి వినోబా మందిరం ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. చూడటానికి పావుగంట చాలు. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేశాక బోర్డులు పెరిగాయి. ఏ ఇంట్లో ఈ రోజు ఏ పని నడుస్తోందో చెప్పే మనిషి మాత్రం కనబడలేదు. ఈ ఊరికి అసలు లోటు అదే.

భువనగిరి కోట ఒకే బండ మీద ఉంది. కళ్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడు, అంటే త్రిభువనమల్లుడు, కట్టించాడు, ఆయన బిరుదు మీదే ఊరి పేరు. కింద మెట్లు, ఒకదాని తర్వాత ఒకటిగా దర్వాజాలు, ఆపైన మెట్లు పోయి ఏటవాలు బండ, పక్కన పట్టుకోవడానికి ఇనుప కడ్డీలు. ఆగి ఆగి ఎక్కితే ముప్పావు గంట, దిగడానికి అరగంట. పైన పాడుబడిన రాజభవనం, రాతిలో తొలిచిన నీటి గుంటలు, ఫిరంగులు ఉన్నాయి. పైన తాగునీరు అమ్మేవాళ్లు ఉండరు, మనిషికి లీటరు సీసా కిందే కొనుక్కోవాలి. చెప్పులు వద్దు, రబ్బరు అడుగున్న బూట్లు కావాలి. వాన పడిన రోజు ఎక్కకండి, ఎక్కేటప్పుడు తెలియదు కానీ దిగేటప్పుడు బండ జారుతుంది. కోతులున్నాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే వదలవు. పదమూడేళ్ల వయసులో 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదే. కోట నిర్వహణకు మాత్రం మార్కులు వేయలేం. గోడల నిండా పేర్లు, చరిత్ర చెప్పే బోర్డు దాదాపు లేదు.

యాదగిరిగుట్ట గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, తెలుగువాళ్లకు తెలిసిన క్షేత్రమే. 2022 మార్చి 28న పునర్నిర్మించిన ఆలయం తెరిచాక నల్లరాతి మండపాలు చూడటానికి కూడా జనం పెరిగారు. శని, ఆదివారాలు, కార్తీక మాసం, స్వాతి నక్షత్రం రోజు అయితే దర్శనానికే సగం రోజు పోతుంది, అలాంటప్పుడు ఈ చుట్టులోంచి గుట్టను తీసేయాలి. సొంత కారు పైకి తీసుకెళ్లడానికి 2022లో 500 రూపాయల రుసుం పెట్టారు. కారు కింద ఆపి ఉచిత బస్సులో వెళ్లడమే నయం. ఫోన్లు లోపలికి రానివ్వరు. పులిహోర, లడ్డూ తీసుకోకుండా ఎవరూ దిగరు, అది వేరే చెప్పాలా. దగ్గర్లోని సురేంద్రపురి మాత్రం వదిలేయండి. బొమ్మల పురాణం చూడటానికైతే నిన్నటి ఫిల్మ్ సిటీ ఉండనే ఉంది కదా.

దీనికంటే ఆలేరు వైపు ఇంకో అరగంట పోయి కొలనుపాక చూడటం మంచిది. శ్వేతాంబర జైనుల తీర్థం, ఉత్తరాది నుంచి కూడా భక్తులు వస్తారు, మనవాళ్లు మాత్రం ఆదివారం కూడా అంతగా కనబడరు. మూలవిరాట్టు మాణిక్యదేవుడిగా పిలిచే ఆదినాథుడు, పక్కన ఒకే పచ్చరాతిలో చెక్కిన మహావీరుడి విగ్రహం, సుమారు 130 సెంటీమీటర్ల ఎత్తు. గర్భగుడిలో ఫొటోలు తీయనివ్వరు. తోలు బెల్టు, పర్సు కారులోనే వదిలేయండి. భోజనశాలలో ఉల్లి, వెల్లుల్లి, దుంపలు ఉండవు, జైనుల పద్ధతిలో పొద్దుగూకేలోపే వంటిల్లు మూస్తారు, కాబట్టి రాత్రి భోజనం ఇక్కడ చేద్దామనుకోవద్దు. ఊళ్లోనే సోమేశ్వరాలయం ఉంది. తమ ఆచార్యుడు రేణుకాచార్యులు ఇక్కడి లింగంలోంచే ఉద్భవించారని వీరశైవులు నమ్ముతారు. ప్రాంగణంలో పేర్చిన చాళుక్య, కాకతీయ శిల్పాలు చూస్తే ఒకప్పుడు ఇదెంత పట్నమో అర్థమవుతుంది. జైన మందిరం చూసి వెనుదిరిగేవాళ్లు దీన్ని పోగొట్టుకుంటారు.

ఆలేరు మండలంలోనే శారాజీపేట ఉంది. పొద్దున పోచంపల్లిలో చూసిన ఆసు పనిలో ఒక్క చీరకు ఆడవాళ్లు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆ ఊరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అందుకే పోచంపల్లిలో చేత్తో పోసే ఆసు, యంత్రం ఆసు రెండూ అడిగి చూడండి, తేడా భుజాల దగ్గర తెలుస్తుంది.

తిరుగు ప్రయాణం ఐదింటికల్లా మొదలుపెట్టాలి. వరంగల్ హైవే ఘట్‌కేసర్ దాకా సాఫీగా ఉంటుంది, ఉప్పల్ చేరేసరికి గంట తినేస్తుంది. విమానాశ్రయానికి వెళ్లేవాళ్లు ఉప్పల్ దాకా రాకుండా ఘట్‌కేసర్ దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయాలి. ఫిల్మ్ సిటీ దగ్గర సామాను వదిలి వచ్చినవాళ్లు కూడా అదే ఔటర్ పట్టి పెద్ద అంబర్‌పేటలో దిగితే ఊరి ట్రాఫిక్ తగలకుండా చేరతారు.